డొవాజాక్ పోస్టాఫీసులో రుమేనియా ఇంజనీరు

డెట్రాయిట్ నుంచి షికాగోకి విమానంలో గంట, రైల్లో అయిదు గంటలు. "అయిదు గంటలు కూర్చోడానికి ఎదురు డబ్బులిచ్చి ఎక్కుతావేమిటయ్యా?" అని డెట్రాయిట్ పక్కనున్న మా ట్రాయ్‌లో తెలుగువాళ్ళందరూ నన్ను ఎగతాళి చేస్తారు. చేయనివ్వండి. తెనాలి జంక్షన్ పక్కన పుట్టి పెరిగినవాడికి రైలు కూత వినకపోతే తిన్నది అరగదు. అయితే ఒకసారి ఆ ప్రయాణం పదకొండు గంటలు పట్టింది. తప్పు రైలుది కాదు, నాదే.

ఇది 1984 అక్టోబరు మాట. నేను పనిచేసే కంపెనీ ట్రాక్టర్లకీ లారీలకీ గేర్లు తయారుచేస్తుంది. వాటిని చూసి పోవడానికి రుమేనియా ప్రభుత్వం తరఫున ఇద్దరు వచ్చారు. ఒకాయన దుమిత్రు, ఇంజనీరు, యాభై ఏళ్ళుంటాయి. సన్నగా, పెద్ద కనుబొమలతో, ఎప్పుడూ ఏదో లెక్క మనసులో వేసుకుంటున్నట్టు ఉంటాడు. రెండో ఆయన వాసిలే. కొనుగోళ్ళ విభాగం అని చెప్పుకున్నాడు గానీ, గేరుకీ గారెకీ తేడా చెప్పగలడని నేననుకోను. దుమిత్రు ఎటు తిరిగితే అటు తిరగడమే ఆయన ఉద్యోగమని మూడో రోజుకే అర్థమైంది. ఇద్దరి పాస్‌పోర్టులూ ఆయన తోలు సంచీలోనే ఉండేవి.

పని అయిపోయాక వాళ్ళని షికాగోకి తీసుకెళ్ళి, అక్కడి ట్రాక్టర్ల డీలరుకి పరిచయం చేసే బాధ్యత నాకు అప్పగించారు. మర్నాడు సాయంత్రం అటునుంచి అటే వాళ్ళ విమానం. ముందురోజు రాత్రి ఇద్దర్నీ మా ఇంటికి భోజనానికి పిలిచాను. మా ఆవిడ సరళ ఆవకాయ జాడీ బల్ల మీద పెట్టింది, చూడ్డానికి బాగుంటుందని. వాసిలే దాన్ని బ్రెడ్డు మీద జాములాగా రాసుకున్నాడు. కళ్ళంట నీళ్ళు కారుతున్నా మానలేదు. మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా, అతిథి ఒకటి మెచ్చుకుంటే "ఇంకొంచెం, ఇంకొంచెం" అని ప్రాణం తీస్తాం. సరళ కూడా అదే చేసింది.

తెల్లవారి ఆరింటికి హోటలుకి వెళ్ళేసరికి వాసిలే బాత్‌రూమ్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నిలబడ్డాడంటే నిలబడ్డాడు, అంతే. ప్రయాణం ప్రశ్నే లేదు. మర్నాడు పొద్దున తొమ్మిదికి డీలరుతో మీటింగు, ఎవరో ఒకరు ఉండి తీరాలి. ఆయన దుమిత్రు వంక చూశాడు, నా వంక చూశాడు, గోడ వంక చాలాసేపు చూశాడు. చివరికి, "షికాగోలో దిగి తిన్నగా హోటలుకి వెళ్ళండి. రెండింటికి ఫోన్ చేస్తాను. రేపు పొద్దున్నే విమానంలో వచ్చేస్తాను," అన్నాడు. సంచీ మాత్రం చేతిలోంచి వదల్లేదు.

సరళ మమ్మల్ని కార్లో డెట్రాయిట్ స్టేషన్లో దింపింది. ఏడుంపావుకి బండి కదిలింది. ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. అక్టోబరులో వెళ్ళండి, కిటికీ పక్క సీటు పట్టుకోండి. ఆన్ ఆర్బర్ ముందు నది రైలు పక్కనే నడుస్తుంది, చెట్లన్నీ పసుపూ కుంకుమా జల్లుకుని ఉంటాయి. శాకాహారులైతే తిండి వెంట తీసుకెళ్ళండి. క్యాంటీన్ పెట్టెలో కాఫీ, చిప్స్ తప్ప మనం తినగలిగింది ఏమీ ఉండదు. మాకు సరళ పులిహోర కట్టి ఇచ్చింది.

మొదటి గంట దుమిత్రు ఉలకలేదు, పలకలేదు. పక్క వరసలో టోపీ పెట్టుకున్న రైతొకాయన, "మీదే ఊరు?" అని పలకరించాడు. ఇండియా అన్నాను. "మరి మీ బ్రదర్?" అని దుమిత్రుని చూపించాడు. దుమిత్రు కిటికీ బయట మొక్కజొన్న చేలను ఇన్‌స్పెక్షన్ చేస్తున్నాడు. "ఆయనకి ఒంట్లో బాగాలేదు," అని నేనే సర్ది చెప్పాను. రైతు జాక్సన్‌లో దిగిపోయాడు. ముందు సీట్లూ వెనక సీట్లూ ఖాళీగా ఉన్నాయని నిర్ధారణ చేసుకున్నాక దుమిత్రు కాళ్ళు చాపుకుని, "రావు, ఇప్పుడు కాఫీ తాగుదామా?" అన్నాడు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి.

నేనొక సంగతి ఒప్పుకోవాలి. చిన్నప్పుడు మా పుస్తకాలన్నిటికీ రష్యా నుంచి వచ్చే నున్నటి రంగుల పత్రిక కాగితాలే అట్టలు. ఆ అట్టల మీద ఎర్రబుగ్గల ఆడపిల్లలు ట్రాక్టర్లు నడుపుతూ నవ్వేవాళ్ళు. కాలేజీ రోజుల్లో టీ కొట్టు దగ్గర ఆ దేశాల తరఫున నేను చేసిన వాదనలకి లెక్క లేదు. గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో "కమ్యూనిస్టు పార్టీలో ఉన్నావా?" అని ఇక్కడి ఆఫీసరు అడిగితే లేదన్నాను. అబద్ధం కాదు, చందా ఎప్పుడూ కట్టలేదు. అలాంటివాడికి అసలు సిసలు సోషలిస్టు దేశపు ట్రాక్టర్ ఇంజనీరు పక్క సీట్లో దొరికితే ఊరుకుంటాడా?

"అక్కడ అందరికీ ఇల్లు ఇస్తారట కదా?"

"ఇస్తారు. నాకూ ఇచ్చారు. మూడో అంతస్తు, రెండు గదులు."

"చదువు?"

"మా నాన్న గొర్రెలు కాసేవాడు. ఆయనకి సంతకం రాదు. నన్ను ఇంజనీరుని చేసింది ప్రభుత్వమే. అది నేనెప్పుడూ కాదనను."

నేను గెలిచినట్టు కాఫీ ఎత్తాను. దుమిత్రు నవ్వాడు. "ఇంకా విను. మా ఇంట్లో ఫ్రిజ్ కూడా ఉంది. చలికాలం అందరం దాని దగ్గర చేరతాం. తలుపు తెరిస్తే వంటిల్లు కాస్త వెచ్చబడుతుంది." కాఫీ నా ముక్కులోంచి వచ్చింది. ఇక ఆగలేదు మనిషి. గదికి ఒక్క చిన్న బల్బుట. టీవీలో సాయంత్రం కాసేపే కార్యక్రమాలుట, అందులో సగం వాళ్ళ నాయకుడు ఫ్యాక్టరీలు చూడడం, మిగతా సగం ఆయన చూసినందుకు ఫ్యాక్టరీలు చప్పట్లు కొట్టడం. "మాకు టీవీ తెర చిన్నది. ఆయన పక్కన ఇంకెవరూ పట్టరు," అన్నాడు. కూతురి ఫొటో చూపించాడు. పద్నాలుగేళ్ళ పిల్ల, తండ్రి కనుబొమలే. పులిహోరలో వేరుశనగ పప్పులు ఒక్కొక్కటే ఏరుకు తిన్నాడు. కలమజూ దాటాక నిద్రపోయాడు. నిద్రలో అతని ముఖం పదేళ్ళు చిన్నదైంది.

అది చూసి నాకు ముచ్చటేసింది. మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఊరుకాని ఊరు వచ్చి మన ఇంట్లో చెయ్యి కడిగితే, వాళ్ళవాళ్ళకి ఒక కార్డు ముక్క రాస్తాం. మీవాడు వచ్చాడు, కులాసాగా ఉన్నాడు, బెంగపడకండి అని. జేబులో డెట్రాయిట్ వంతెన బొమ్మ కార్డొకటుంది. అడ్రసు అతని సూట్‌కేసు చీటీ మీద శుభ్రంగా అచ్చక్షరాల్లో ఉంది. చకచకా రాసి పారేశాను.

అంతలో డొవాజాక్ అనే చిన్న ఊళ్ళో బండి ఆగింది. ముందు సిగ్నలు లేదు, ఇరవై నిమిషాలు పడుతుంది, కావాలంటే దిగి కాళ్ళు సాగదీసుకోవచ్చు అన్నాడు కండక్టరు. స్టేషన్ గుమ్మం పక్కనే నీలంరంగు పోస్టు డబ్బా. కార్డు వేసి, మూత రెండుసార్లు ఆడించి, ఒక మంచిపని చేసిన మనిషి నడక నడుస్తూ వెనక్కి వచ్చాను. దుమిత్రు లేచి కూర్చుని ఉన్నాడు.

"మీ ఆవిడకి కార్డు రాసి పడేశాను," అన్నాను.

కత్తివేటు వేసినా నెత్తురు చుక్క లేదు ఆ ముఖంలో. "ఏమని రాశావు? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

చెప్పాను. వాసిలేకి ఒంట్లో బాగాలేదనీ, మేమిద్దరమే హాయిగా రైల్లో వెళుతున్నామనీ, మీ ఆయన జోకులకి, ముఖ్యంగా ఫ్రిజ్ జోకుకి, నాకు కడుపు నొప్పి పుట్టిందనీ. అంతా విన్నాడు. పైనుంచి సూట్‌కేసు దించుకుని, రైలు దిగిపోయాడు. నేను నా పెట్టె, పులిహోర డబ్బా పట్టుకుని వెనకాలే పరుగెత్తాను. రెండు నిమిషాల్లో సిగ్నలు పడింది. బండి మా కళ్ళముందే వెళ్ళిపోయింది.

పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. డబ్బా పక్కన నిలబడి అతను మెల్లగా చెప్పాడు. విదేశాల నుంచి వచ్చే ప్రతి కార్డూ ముందు వేరేవాళ్ళు చదువుతారు. విదేశీయుడితో ఏం మాట్లాడినా పై అధికారులకి రాసివ్వాలి. ఒంటరిగా తిరిగినట్టు తెలిస్తే ఇక పాస్‌పోర్టు మాట మరిచిపోవాలి. నాయకుడి మీద జోకు చెప్పినట్టు తెలిస్తే తన ఉద్యోగం, బడిపంతులమ్మగా భార్య ఉద్యోగం రెండూ పోవచ్చు. వచ్చే ఏడు కూతురు పెద్ద బడి ప్రవేశ పరీక్ష రాయాలి. "ఆ పిల్ల ఎన్ని మార్కులు తెచ్చుకున్నా, ఫైల్లో నీ కార్డు ఉంటుంది," అన్నాడు. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

డబ్బా మీద మధ్యాహ్నం పన్నెండున్నరకి తీస్తారని రాసి ఉంది. అప్పటికి పదకొండు. దుమిత్రు సందులో చెయ్యి దూర్చాడు, మణికట్టు దాకా వెళ్ళింది. ఇది పెద్ద నేరమయ్యా అని లాగాను. వెంటనే అతను చేతులు జేబుల్లో పెట్టుకుని, తల కొంచెం పక్కకి వాల్చి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. ఎంత సహజంగా నిలబడ్డాడంటే, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టున్నవాణ్ణి నేనే. అతనికి ముప్పై ఏళ్ళ అలవాటు.

తర్వాతి బండి నాలుగున్నరకి. అంటే వాసిలే ఫోన్ చేసే వేళకి మేము షికాగోలో ఉండం. స్టేషన్లో ఉన్న ఫోన్ నుంచి సరళకి చేసి సంగతంతా చెప్పాను.

"కార్డు రాయమని ఎవరు ఏడ్చారండీ మిమ్మల్ని?"

"తిట్లు ఇంటికొచ్చాక తిడుదువుగాని. ఆయన రెండింటికి హోటలుకి కాల్ చేయకుండా చూడు."

"నేనెలా చూడను? రూముకి తాళం వేయనా?"

"పెరుగన్నం పట్టుకెళ్ళు. అల్లం, జీలకర్ర వేసి."

సరళ ఫోన్ ఠపీమని పెట్టేసింది. అంటే ఒప్పుకున్నట్టే.

పన్నెండున్నరకి పోస్టు జీపు వచ్చింది. ఉత్తరాల సంచీ తీస్తున్న కుర్రదానికి నా గోడు చెప్పుకున్నాను. "సారీ సర్, డబ్బాలోంచి తీసి ఇవ్వకూడదు. పోస్టాఫీసుకి రండి, అక్కడ ఫారం నింపితే ఇస్తారు," అంది. ఆ మాట మీద దుమిత్రుకి నమ్మకం కలగలేదు. యూనిఫాం వేసుకున్న మనిషి ఆఫీసుకి రమ్మంటే వాళ్ళ దేశంలో అర్థం వేరు. అయినా రెండు వీధులు నడిచి వెళ్ళాం. దారి పొడుగునా మేపుల్ ఆకులు, అరుగుల మీద గుమ్మడికాయలు. చూసే తీరికెవరికి?

కౌంటర్లో అరవై ఏళ్ళావిడ ఒక్కతే. కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది. ఒక ఫారం ఇచ్చి, "కార్డు మీద అడ్రసు ఎలా రాశారో ఇక్కడా అలాగే రాయండి. చేతిరాత కలిస్తే మీ కార్డు మీకిస్తాను," అంది. పెన్ను తీశాను. దుమిత్రు నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు రావు. చేతిరాత ఇవ్వకు."

గోడ మీది తపాలా బిళ్ళల పోస్టరు దగ్గరికి లాక్కెళ్ళి చెవిలో చెప్పాడు. వాళ్ళావిడకి తండ్రి ఇచ్చిన పాత టైపు మిషను ఉండేదట. ఇంట్లో టైపు మిషను ఉన్నవాళ్ళు ఏటేటా దాన్ని పోలీస్ స్టేషనుకి మోసుకెళ్ళి, ఉన్న అక్షరాలన్నీ కొట్టి ఒక నమూనా ఇవ్వాలి. ఎక్కడైనా ఒక కరపత్రం దొరికితే ఏ ఇంట్లో కొట్టిందో నమూనాలు చూసి పట్టేసుకుంటారు. ఆవిడ ఆ మిషను మీద కొట్టేది పిల్లల ప్రశ్నపత్రాలు. అయినా స్టేషను నుంచి వచ్చిన రోజు రాత్రి నిద్రపోయేది కాదట. చివరికి దాన్ని వదిలించుకుంది.

"ఇక్కడ అలాంటిదేమీ లేదు," అన్నాను.

"మాకూ ముందు అలాగే చెప్పారు."

కానీ కార్డు అవతల బల్ల మీద ఉంది, సాయంత్రానికి బయల్దేరిపోతుంది. వెళ్ళి ఫారం నింపాను. అతను పక్కన నిలబడి, నా పెన్ను తన ఇంటి నంబరు రాస్తుంటే నేల వంక చూశాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఇంత ఘోరమైన రాత ఇంకెవరూ రాయలేరు. మీదే," అని కార్డు నా చేతిలో పెట్టింది. నా పై ప్రాణాలు కిందికి వచ్చాయి.

దుమిత్రు కదల్లేదు. "ఆ ఫారం?" అని అడిగాడు. అన్నాళ్ళలో పరాయి మనిషిని అతను తనంతట తాను పలకరించడం నేను చూసింది అదే మొదటిసారి.

"ఇక్కడే ఉంటుంది."

"ఎవరు చదువుతారు?"

"ఎవరికి తీరిక?" అంది ఆవిడ. అతని ముఖం చూసి ఏమనుకుందో, కౌంటరు కింద సొరుగు బర్రున లాగి, "కావాలంటే చూడు," అంది.

దుమిత్రు వంగి చూశాడు. నేనూ చూశాను. రబ్బరు బ్యాండ్ల కట్ట, సగం కొరికిన యాపిల్, ఊలు ఉండ, ఎవరిదో విరిగిన కళ్ళజోడు, అడుగున మా ఫారంలాంటివే నాలుగైదు కాగితాలు, వాటిమీద కాఫీ మరక. అతను చాలాసేపు చూశాడు.

"ఇంతేనా?"

"కింది సొరుగు కూడా చూస్తావా? అందులో నా చెప్పులుంటాయి."

నవ్వాడు దుమిత్రు. రైల్లో నవ్విన నవ్వు కాదది, గట్టిగా, కౌంటరు పట్టుకుని నవ్వాడు. తర్వాత జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు, ఎంతకీ తుడుచుకుంటూనే ఉన్నాడు. "ఇంత వయసొచ్చాక ప్రభుత్వం సొరుగులోకి తొంగి చూశాను," అన్నాడు నాతో. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. ఇద్దరికీ చెరో పిప్పరమెంటు ఇచ్చింది.

నాలుగున్నర బండి వేళకే వచ్చింది. దుమిత్రు కార్డు అడిగి తీసుకుని మూడుసార్లు చదివాడు. "మంచి ఉత్తరం. మా ఆవిడ చదివితే ఎంత సంతోషించేదో," అన్నాడు. మళ్ళీ చదివాడు. బట్టీ పడుతున్నాడని తెలిసింది. తర్వాత సన్నటి ముక్కలు చేసి, కొన్ని ఈ పెట్టెలోనూ కొన్ని ఆ పెట్టెలోనూ చెత్త డబ్బాల్లో వేసి వచ్చాడు. "ఇంటికెళ్ళాక నేనే చెబుతాను. వంటింట్లో కొళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో," అన్నాడు. గోడలకి చెవులుంటాయని మనమూ అంటాం. వాళ్ళు దాన్ని సామెతగా వాడటం లేదు.

ఇండియానా సరిహద్దులో గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి, మరిచిపోకండి. కొత్త టైము ప్రకారం అయిదున్నరకి షికాగో చేరాం. దుమిత్రుని హోటల్లో దింపి, నేను షికాగో శివార్లలో, అరోరాలో ఉండే నా స్నేహితుడు ప్రసాద్ ఇంటికి చేరుకుని సరళకి ఫోన్ చేశాను.

"తిని పడుకున్నాడండీ, చంటిపిల్లాడిలాగా. ఏడున్నరకి లేచాడు," అంది. ఒక్క క్షణం ఆగి, "ఇంకో సంగతి. పెరుగన్నం తింటూ నా చెయ్యి పట్టుకున్నాడు. దుమిత్రుని ఒంటరిగా పంపానని ఎవరికీ చెప్పకమ్మా, నాకూ పిల్లలున్నారు అని బతిమాలుకున్నాడు. పాపం, భయపడిపోతున్నాడండీ," అంది.

రెండు వారాలుగా వాసిలేని కాపలాదారు అనుకుంటున్నాను. ఆయన సంచీలో ఉన్న రెండు పాస్‌పోర్టుల్లో ఒకటి ఆయనదేనని అప్పుడు తట్టింది.

మర్నాడు మీటింగు సవ్యంగా జరిగింది. హోటలు లాబీలో వీడ్కోలు. వాసిలే కోలుకున్నాడు, చేతిలో సంచీ ఉంది. "రైలు ప్రయాణం ఎలా జరిగింది?" అన్నాడు. "చెట్లు బాగున్నాయి," అన్నాను. "చాలా బాగున్నాయి," అన్నాడు దుమిత్రు. ఏదో కొత్తగా పరిచయమైనవాడిలా నాకు చెయ్యిచ్చాడు, అంతే పొడిగా. నేనూ అంతే పొడిగా పుచ్చుకున్నాను. చేరగానే ఒక ముక్క రాయండి అని గొంతు దాకా వచ్చింది. మనం ఎవరిని సాగనంపినా చివరి మాట అదే కదా. మింగేశాను. టాక్సీ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను, అతను తల తిప్పలేదు. తిప్పకూడదని నాకూ తెలుసు.

తిరుగు రైల్లో పక్క సీటావిడ స్వెటరు అల్లుకుంటూ, షికాగోకి పనిమీద వచ్చారా అని అడిగింది.

"ఒక స్నేహితుణ్ణి సాగనంపడానికి."

"దూరమా?"

"రుమేనియా."

"పోనీలెండి, ఉత్తరాలు రాసుకోవచ్చు."

"లేదండీ. రాయను."

ఆవిడ అల్లిక ఆపి నా వంక జాలిగా చూసింది. "అయ్యో, పోట్లాడుకున్నారా?"

"లేదండీ," అన్నాను. "మంచి స్నేహం."